ఆగస్టు 29 గురించి ప్రేయర్‌లో మూడు నిమిషాలు మాట్లాడాలి, ఏం చెప్పమంటారు?

టెక్కలి అమ్మ:

అందరికీ నమస్కారం. మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా పాప ఏడో తరగతి. వాళ్ళ స్కూల్లో రోజూ పొద్దున్న ప్రేయర్ అయ్యాక ఒకరు ముందుకొచ్చి "ఈరోజు ప్రత్యేకత" అని మాట్లాడాలి. ఆగస్టు 29 మా పాప పుట్టినరోజు, అందుకే ఆ రోజు తనే మాట్లాడతానని టీచర్ని అడిగి మరీ పేరు రాయించుకుంది. వారం నుంచి ఇంట్లో ఇదే గోల.

ఫోన్లో వెతికితే పెద్ద లిస్టు వచ్చింది. గిడుగు రామమూర్తి గారు, ధ్యాన్‌చంద్, నాగార్జున, మైకేల్ జాక్సన్ పుట్టారట. ఫారడే ఏదో కనిపెట్టారట. రష్యా అణుబాంబు, అమెరికాలో కత్రినా తుఫాను, హంగరీలో ఏదో యుద్ధం, ఇంకా బోలెడు. పాప అన్నీ నోట్సులో రాసుకుంది, మూడు పేజీలయ్యాయి. పోయిన నెల ఒక బాబు ఇలాగే ఇరవై విషయాలు గడగడా చదివేశాడట, తర్వాత క్లాసులో అడిగితే ఒక్కరికి ఒక్కటి కూడా గుర్తు లేదట. అందుకే దానికి టెన్షన్. పైగా పోయినేడాది ఇదే రోజున మాట్లాడిన వాళ్ళు "ఇవాళ ప్రపంచ మాతృభాషా దినోత్సవం" అని చెప్పారు, అది తప్పని నాకు అనుమానం.

ఇందులో ఏది నిజం, ఏది చెబితే పిల్లలు వింటారు? మీకు బాగా తెలిసిన విషయం ఉంటే కొంచెం వివరంగా రాయండి. నేను ఇంటర్‌తో ఆపేశాను, దానికి అన్నీ చెప్పగలిగేంత నాకు రాదు.

వంశధార గట్టు:

అమ్మా, ముందు మీ అనుమానం తీరుస్తాను. ప్రపంచ మాతృభాషా దినోత్సవం ఫిబ్రవరి 21. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, అది గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు కాబట్టి. రెండూ వేరు. తెలంగాణలో కాళోజీ గారి పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్తారు, దాన్నీ దీన్నీ కలపకుండా చూడండి.

ఇక నా మాట వింటే మిగతా లిస్టంతా పక్కన పెట్టి గిడుగు గారి గురించే చెప్పించండి. ఎందుకంటే ఆయన మీ జిల్లా మనిషి. 1863లో వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. మీ ఊరి నుంచి బస్సెక్కితే పూట లోపు వెళ్ళి చూసి రావచ్చు. చిన్నప్పుడే తండ్రి పోయారు, విజయనగరంలో చదువుకున్నారు, అక్కడ గురజాడ అప్పారావు గారు ఆయనకి క్లాస్‌మేట్. 1880లో పర్లాకిమిడి రాజా గారి స్కూల్లో టీచరుగా చేరారు.

అందరూ "వాడుక భాష కోసం పోరాడారు" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు. దానికన్నా ముందు జరిగింది నాకు ఎక్కువ ఇష్టం. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో సవరలు అనే గిరిజనులు ఉంటారు కదా, వాళ్ళు సంతకి దిగి వచ్చినప్పుడు వాళ్ళ మాట ఎవరికీ తెలిసేది కాదు. ఈయన తెలుగు తెలిసిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఆయన నోటి వెంట మాట వింటూ, రాసుకుంటూ ఆ భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. సవర పిల్లల కోసం వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. కొండల్లో తిరిగి మలేరియా వస్తే క్వినైన్ తెగ వాడాల్సొచ్చి చెవుడు వచ్చింది. వినికిడి పోయిన మనిషి జీవితమంతా మాట్లాడే భాష కోసం వాదించాడు, ఇది పిల్లలకి చెప్పి చూడండి, కదలకుండా వింటారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేసరికి ఆయనకి డెబ్బయ్యేళ్ళు దాటాయి.

తెలుగు సంగతి కూడా అక్కడి నుంచే అర్థమవుతుంది. సవర పిల్లలకి వాళ్ళ మాటలో పాఠం చెబితే ఎక్కుతుంది, మరి తెలుగు పిల్లలకి ఇంట్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికంలో చెబితే ఎలా ఎక్కుతుంది? ఇదే ఆయన అడిగింది. పెద్ద పెద్ద పండితులు ఎదురు నిలిచారు. ఈయన పాత తాళపత్రాలు, శాసనాలు తీసి "మీరు తప్పంటున్న మాట ఇదిగో ఇక్కడ ఉంది" అని చూపించేవారు. 1919లో "తెలుగు" అని పత్రిక పెట్టారు. గిడుగు పిడుగు అని పేరు ఊరికే రాలేదు. పాప ఇవాళ చదువుతున్న సైన్సు పుస్తకం తీసి ఒక పేజీ చూడమనండి, మనం మాట్లాడే తెలుగే కదా.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు కలిసిపోతే, యాభై ఏళ్ళు బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న పోయారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది, మా తాతలదీ పర్లాకిమిడే.

రిటైర్డ్ పీఈటీ:

గిడుగు గారి గురించి మాస్టారు బ్రహ్మాండంగా రాశారు, నాకు ఒక చిన్న మనవి. ఆగస్టు 29 జాతీయ క్రీడా దినోత్సవం కూడా, హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ గారి పుట్టినరోజు (1905, అలహాబాదు). స్కూళ్ళలో ఆ రోజు ఒక ఫోటోకి దండ వేసి వదిలేస్తున్నారు, కనీసం ఒక్క సంఘటనైనా చెప్పండమ్మా.

ఆయన అసలు పేరు ధ్యాన్‌సింగ్. 1922లో పట్టాళంలో చేరారు. డ్యూటీ అయ్యాక రాత్రిపూట చంద్రుడు వచ్చే వరకు ఆగి ఆ వెన్నెల్లో ప్రాక్టీసు చేసేవారని తోటివాళ్ళు "చాంద్" అని పిలవడం మొదలుపెట్టారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 14 గోల్స్ కొట్టారు. 1932లో లాస్ ఏంజెలెస్‌లో అమెరికా మీద మన జట్టు స్కోరు 24-1.

1936 బెర్లిన్ ఫైనల్ ఆగస్టు 14న జరగాలి, వాన పడి 15కి మారింది. తేదీ చూడండి! అప్పటికి మనకి స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా పదకొండేళ్ళు. మైదానంలోకి దిగే ముందు అసిస్టెంట్ మేనేజర్ పంకజ్ గుప్తా దాచి తెచ్చిన కాంగ్రెస్ జెండా తీస్తే జట్టంతా దానికి సెల్యూట్ చేసి వెళ్ళింది. జర్మనీ మీద 8-1తో గెలిచారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఆటలు నేర్పాను, ఈ కథ చెప్పిన రోజున గ్రౌండులో పిల్లల నడకే వేరుగా ఉండేది.

లైన్ ఇన్‌స్పెక్టర్:

అక్కా, ఫారడే సంగతి నేను చెబుతాను, మా అన్నం అదే. మీ వీధి చివర స్తంభం మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కదా, దాని మొట్టమొదటి రూపం పుట్టింది 1831 ఆగస్టు 29న, లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే చోట.

మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. పెద్దగా చదువు లేదు, పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరి, బైండింగ్‌కి వచ్చిన పుస్తకాలే చదువుకుని సైన్సులోకి వచ్చారు. ఆ రోజు ఆయన చేసింది ఇది. ఆరంగుళాల అడ్డం ఉన్న ఇనప రింగు తీసుకున్నారు, మన చేతి గాజుకి రెండింతలకి పైగా ఉంటుందనుకోండి. దానికి ఒక పక్క రాగి తీగ చుట్టారు, రెండో పక్క ఇంకో రాగి తీగ. రెండు తీగలకీ మధ్య ఎక్కడా అతుకు లేదు, నూలుతోనూ గుడ్డతోనూ వేరు చేశారు. రెండో తీగ చివర్లు మూడడుగుల దూరం తీసుకెళ్ళి ఒక దిక్సూచి ముల్లు మీదుగా పోనిచ్చారు. మొదటి తీగకి బ్యాటరీ కలిపారు. ముల్లు చటుక్కున కదిలి, ఊగి, మళ్ళీ మామూలు చోటుకి వచ్చేసింది. బ్యాటరీ తీశారు, మళ్ళీ కదిలింది. కలిపి ఉంచినంతసేపూ మాత్రం చలనం లేదు.

ఇక్కడే ఉంది కిటుకంతా. కరెంటు ఊరికే ఉంటే పక్క తీగకి ఏమీ రాదు, మారుతున్నప్పుడే వస్తుంది. అందుకే మనకి ఇళ్ళకి వచ్చేది సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ మారే ఏసీ కరెంటు. అది మారుతూనే ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఆగకుండా పని చేస్తుంది. ఎస్సెస్సీలో ఇది బట్టీ పట్టాను, స్తంభాలెక్కి పనిచేసిన పదేళ్ళకి గానీ నాకు మనసుకి ఎక్కలేదు.

పాప చేసి చూపించొచ్చు కూడా. ఫ్యాన్లు రీవైండింగ్ చేసే షాపులో ఎనామిల్ రాగి తీగ ముక్కలు అడిగితే ఇస్తారు. బొటనవేలంత లావు ఇనప బోల్టు మీద ఒక సగంలో వంద చుట్లు, రెండో సగంలో వంద చుట్లు చుట్టండి. నాలుగు చివర్లనీ ఉప్పుకాగితంతో రాగి మెరిసే దాకా గీకాలి, ఇది మర్చిపోయే చాలామంది "పనిచేయలేదు" అంటారు. ఒక తీగని స్కూలు ల్యాబులో ఉండే గాల్వనామీటర్‌కి (చిన్న కరెంటుని కూడా ముల్లు కదిలించి చూపే పరికరం) కలపండి, రెండో తీగ చివర్లని టార్చిలైటు సెల్‌కి ఒక్క క్షణం తాకించి తీసేయండి, ఎక్కువసేపు పట్టుకుంటే తీగ వేడెక్కుతుంది. ముల్లు ఒకసారి ఇటు, తీసేటప్పుడు అటు కొడుతుంది. సెల్ మాత్రమే వాడాలి, గోడ ప్లగ్గు దగ్గరికి పిల్లని పోనివ్వొద్దు. ఇంకో మాట, చుట్టలోకి అయస్కాంతం దూర్చి చూపించే ప్రయోగాన్ని కొందరు ఈ తేదీకి కడతారు, అది ఆయన చేసింది అదే ఏడాది అక్టోబరు 17న.

తిథీ తేదీ:

లిస్టులో పాత యుద్ధాలు, పాత పుట్టినరోజులు ఉంటే జాగ్రత్త అండీ. ఉదాహరణకి జాన్ లాక్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త 1632 ఆగస్టు 29న పుట్టారని ఉంటుంది. అది నిజమే, కానీ అప్పటికి ఇంగ్లండు పాత జూలియన్ క్యాలెండర్‌లో ఉంది. ఇప్పటి లెక్కలో అది సెప్టెంబరు 8. హంగరీ రాజు చనిపోయిన మొహాచ్ యుద్ధం (1526) తేదీ కూడా పాత లెక్కే. ఇంగ్లండు 1752లో మారింది, ఆ ఏడాది సెప్టెంబరు 2 రాత్రి పడుకున్నవాళ్ళు లేచేసరికి సెప్టెంబరు 14 అయింది. మధ్యలో పదకొండు రోజులు క్యాలెండర్‌లోనే లేవు. కాబట్టి లిస్టులో ఒకే తేదీ కింద కనబడ్డవన్నీ నిజంగా ఏడాదిలో ఒకే రోజు కావు. మనవాళ్ళు ఇప్పటికీ పుట్టినరోజు తిథి ప్రకారం చేస్తే తేదీ ఏటా జరుగుతుంది కదా, మళ్ళీ తిథీ తేదీ దాదాపు కలిసేది పంతొమ్మిదేళ్ళకోసారి. పాపకి పంతొమ్మిదో పుట్టినరోజున పంచాంగం తీసి చూపించండి, ముచ్చటగా ఉంటుంది.

ఇంకో తేడా కూడా గమనించాలి. కొన్ని కాకతాళీయంగా ఒక తేదీన పడతాయి, కొన్నిటిని మనుషులు కావాలని అదే తేదీకి పెడతారు. సోవియట్ యూనియన్ తన మొదటి అణుబాంబుని 1949 ఆగస్టు 29న కజకిస్తాన్‌లోని సెమీపలాటిన్‌స్క్‌లో పేల్చింది. అది మొదలుకుని నలభై ఏళ్ళలో అక్కడే 456 పరీక్షలు జరిగాయి, చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నవాళ్ళకి ప్రమాదం సంగతి చెప్పకుండా. 1989లో ఒల్జాస్ సులేమెనోవ్ అనే కవి టీవీలో తన కవిత్వం చదవాల్సిన చోట దీని గురించి మాట్లాడి జనాన్ని కదిలించారు. కజకిస్తాన్ ఆ కేంద్రాన్ని మూసేసింది 1991లో, అదే ఆగస్టు 29న. ఐక్యరాజ్యసమితి అణు పరీక్షల వ్యతిరేక దినంగా పెట్టిందీ అదే తేదీని.

గ్రూప్స్ ప్రిపరేషన్:

అందరూ ఒకటి వదిలేశారు. 1947 ఆగస్టు 29న మన రాజ్యాంగ సభ, రాజ్యాంగం ముసాయిదా రాయడానికి డ్రాఫ్టింగ్ కమిటీని వేసింది. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండు వారాలే. ఏడుగురు సభ్యులు, మర్నాడు అంబేడ్కర్ గారిని ఛైర్మన్‌గా ఎన్నుకున్నారు. ఆ ఏడుగురిలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టినవారు, తర్వాత బి.ఎల్. మిత్తర్ స్థానంలో వచ్చిన ఎన్. మాధవరావు గారిది మచిలీపట్నం. ఒకరు చనిపోయారు, కొందరు ఆరోగ్యం బాగోక రాలేకపోయారు, రాసే భారం చాలావరకు అంబేడ్కర్ గారి మీదే పడిందని టి.టి. కృష్ణమాచారి సభలోనే చెప్పారు. చెల్లి సోషల్ టీచర్‌కి ఈ తేదీ చెబితే సంతోషిస్తారు.

హ్యూస్టన్ నుంచి:

వదినా, కత్రినా గురించి ఒక్క మాట. 2005 ఆగస్టు 29 పొద్దున్న ఆ తుఫాను లూసియానా తీరం దాటింది. న్యూ ఓర్లీన్స్‌లో గాలి కంటే ఎక్కువ ముంచింది కట్టలు తెగడం, ఊరు 80 శాతం నీళ్ళలోకి పోయింది. వేలమందిని బస్సుల్లో మా హ్యూస్టన్‌కి తెచ్చి ఆస్ట్రోడోమ్ స్టేడియంలో పెట్టారు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు, కొంతమందిమి తెలుగువాళ్ళం దుప్పట్లు పంచడానికి వెళ్ళాం. ఒక ముసలామె ప్లాస్టిక్ కవరు గుండెకి హత్తుకుని మంచం మీద కూర్చుంది, దుప్పటి ఇస్తే ఒక చేత్తోనే తీసుకుంది, కవరు కింద పెట్టలేదు. అందులో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయిన ఫోటోలు. మెల్లగా విడదీయబోతే "వద్దు బాబూ, అలాగే ఉండనీ" అన్నట్టు తల ఊపింది. తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాసలో మా పెద్దమ్మ వాళ్ళ ఇంటి కొబ్బరితోట మొత్తం పడిపోయిందని ఫోన్ చేస్తే నాకు ఆవిడే గుర్తొచ్చింది. మీ వైపు పిల్లలకి తుఫాను గురించి వేరే చెప్పక్కర్లేదు, పుట్టినరోజు నాడు ఇది మాత్రం వద్దనుకుంటే మానేయండి.

టెక్కలి అమ్మ:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను, ఇంత రాస్తారని అనుకోలేదు. రాత్రి అన్నాలయ్యాక పాపకి అన్నీ గట్టిగా చదివి వినిపించాను. నాగార్జున, మైకేల్ జాక్సన్ ఇద్దరినీ తనే కొట్టేసింది. కొబ్బరితోట మాట దగ్గర మా అత్తయ్య కూడా వచ్చి కూర్చున్నారు, తిత్లీలో మాకూ జీడితోట పోయింది.

లైన్ ఇన్‌స్పెక్టర్ తమ్ముడూ, వాళ్ళ నాన్న వైండింగ్ షాపు నుంచి తీగ తెచ్చారు. మొదటిసారి ముల్లు కదల్లేదు. చూస్తే చివర్లు సరిగా గీకలేదు, నువ్వు చెప్పిందే. రెండోసారి కదిలింది, స్కూలు నుంచి సైన్సు సారు కూడా చూశారట. అది ప్రేయర్‌లో కాకుండా సైన్సు పీరియడ్‌లో చేయిస్తామన్నారు. క్రీడా దినోత్సవం పీఈటీ గారు వేరేగా చేస్తారట, బెర్లిన్ కథ ఆయనకి రాసి పంపాను.

మూడు నిమిషాలూ గిడుగు గారికే. ఆదివారం ముఖలింగం వెళ్ళి దర్శనం చేసుకుని అటు నుంచి పర్వతాలపేట చూసి వచ్చాం. పాప వంశధార గట్టు మీద నిలబడి ఏటి కేసి చూస్తూ "చెవులు వినబడకపోతే సవర మాట ఎలా విన్నారమ్మా" అని అడిగింది. చెవులు పోకముందే నేర్చుకున్నారు, పోయాక కూడా వదల్లేదు అని నాకు తోచింది చెప్పాను. వంశధార గట్టు గారూ, తప్పైతే దిద్దండి.

వంశధార గట్టు:

తప్పేం లేదమ్మా, సరిగ్గా చెప్పారు. పాప ఎలా మొదలుపెడుతోంది?

టెక్కలి అమ్మ:

అది చెప్పడం మర్చిపోయాను. పాప క్లాసులో మందస కొండల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే సవర అమ్మాయి ఉంది. స్కూల్లో ఎప్పుడూ తెలుగే మాట్లాడుతుంది, వాళ్ళ భాష వాళ్ళ అమ్మ ఫోన్ చేసినప్పుడే. మా పాప వెళ్ళి అడిగిందట, "గిడుగు గారు మీ భాష నేర్చుకున్నారు, నాకూ ఒక వాక్యం నేర్పుతావా" అని. ఆ పిల్ల ముందు సిగ్గుపడి, తర్వాత నాలుగు రోజులు ఇంటర్వెల్‌లో నేర్పింది. ఒక అక్షరం మా దానికి నోరు తిరగడం లేదు, గొంతులో పట్టి ఆపాలట. ఇప్పుడు ఇద్దరూ కలిసి నిలబడతామంటున్నారు. ఆ అమ్మాయి మొదట సవరలో అందరికీ నమస్కారం చెబుతుంది, మా పాప అదే మాట ఆమె వెనకాల చెప్పి, ఆ తర్వాత తెలుగులో మొదలుపెడుతుంది. టీచర్ సరే అన్నారు. హాస్టల్ వార్డెన్‌ని అడిగి ఆ రోజు సాయంత్రం ఆ పిల్లని మా ఇంటికి భోజనానికి తీసుకొస్తున్నాం, పాయసం ఏలకులు వేసి చేయమందట.